వెన్నులో దొరికిన పేజీ

సూదక్క అసలు పేరు లైబ్రరీ హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా ఎవరికీ అవసరం పడలేదు. పనిలో చేరిన కొత్తలో భుజం దగ్గర బట్టకి ఎప్పుడూ ఒక సూది గుచ్చుకుని తిరిగేది. అది చూసి ఎవరో సరదాగా పెట్టిన పేరు ముప్పై మూడేళ్ళయినా ఊడలేదు. ఆవిడ పని పాత పుస్తకాలకి మళ్ళీ ప్రాణం పోయడం. చిరిగిన కాగితం అతకడం, తెగిన కుట్టు కుట్టడం, ఊడిన అట్ట బిగించడం. లైబ్రరీలో సగం పుస్తకాలు ఆవిడ చేతి మీదుగా వెళ్ళినవే. వాటిలో ఏముందని అడిగితే మాత్రం నవ్వేసేది. "డాక్టరు కడుపు కోస్తాడు గానీ, రోగి మనసులో ఏముందో అడుగుతాడా?" అనేది.

ఆవిడ గది లైబ్రరీకి అడుగున, మెట్లు దిగితే కుడిచేతి వైపు. ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ వీధి మట్టానికి. అందులోంచి దారిన పోయేవాళ్ళ పాదాలు తప్ప ఏమీ కనిపించవు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ, చెప్పుల చప్పుడును బట్టి మేడ మీద ఎవరు ఆలస్యంగా వస్తున్నారో చెప్పేసేది. గదిలో పొడుగాటి బల్ల, పుస్తకాలు అదిమిపెట్టే ఇనప బిగింపు మర, దారాల డబ్బా, జిగురు కోసం మైదా ఉడకబెట్టే చిన్న గిన్నె ఉండేవి. ఆ గిన్నె వాసనకి కొత్తవాళ్ళు ముక్కు మూసుకునేవారు. సూదక్కకి మాత్రం ఆ వాసన రాని రోజు ఆదివారమే.

ఈ పనిలోకి ఆవిడ కావాలని రాలేదు. పదో తరగతి మూడుసార్లు రాసింది. మూడుసార్లూ లెక్కలు ఆవిడని గడప దాటనివ్వలేదు. ఇంట్లో అందరూ తలో మాటా అంటుంటే, అక్క మొగుడు మాత్రం ఏమీ అనకుండా ఆ పిల్ల మడిచిపెట్టిన బట్టల దొంతర వైపు చూశాడు. అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా లేదు. అప్పటికి ఆయన ఇదే లైబ్రరీలో బైండరు.

"మరదలా, నీ బుర్రలో లెక్కలు లేవు గానీ వేళ్ళలో ఉన్నాయి. నాతో రా," అన్నాడు.

ఆర్నెల్లు కాగితం మడతపెట్టడం తప్ప ఇంకో పని చెప్పలేదు. విసుగొచ్చి ఒకరోజు ఆవిడ, "బావా, ఇలా మడతలు పెడుతూ ముసలిదాన్నయిపోతానేమో," అంది. "ముసలిదానివయ్యేలోగా నేర్చుకుంటే అదృష్టమే," అన్నాడాయన తల ఎత్తకుండా. ఏడో నెలలో సూది చేతికిచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క నియమం చెప్పాడు: బాగున్న పుస్తకాన్ని విప్పకూడదు. ఎంత గొప్పవాడు అడిగినా సరే, ఆరోగ్యంగా ఉన్న కుట్టు మీద కత్తెర వెయ్యకూడదు. ఆయన రిటైరయ్యాక కుర్చీ ఆవిడకి వచ్చింది. ఈ సంగతులు ఎవరికైనా చెప్పేటప్పుడు సూదక్క, "మా అమ్మ నాకు అన్నం తినడం నేర్పింది, బావ అన్నం సంపాదించుకోవడం నేర్పాడు," అని మొదలుపెట్టేది.

అలాంటి సూదక్క ఒక పుస్తకం లోపలి మాట కోసం నిద్రాహారాలు మర్చిపోయే పరిస్థితి ఆవిడ యాభై రెండో ఏట వచ్చింది. దానికి కారణం భూతద్దం మేడం.

భూతద్దం మేడం కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు. నలభై దాటాయి. మాట కుండబద్దలు కొట్టినట్టుండేది. చేతిలో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది కాబట్టి లైబ్రరీవాళ్ళు ఆ పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కోపం లేదు. విక్టోరియా రాణి కాలంలో తెలుగులో అచ్చయిన గొప్పవాళ్ళ జీవిత చరిత్రలు వరసగా చదువుతూ, వాటిలో నిజమెంత, పూతెంత అని తేల్చే పుస్తకం ఒకటి రాస్తోంది. నాలుగేళ్ళుగా అదే పని. కావలసిన పుస్తకం చిరిగి ఉంటే తానే పట్టుకుని కిందికి దిగేది. అలా ఇద్దరికీ పరిచయమైంది.

"ఈ పెద్దమనుషుల చరిత్రలు చదువుతుంటే ఒళ్ళు మండుతోంది సూదక్కా," అనేది స్టూలు మీద కూలబడి. "పుట్టగానే బుద్ధిమంతులు, పోయేటప్పుడూ బుద్ధిమంతులు. మధ్యలో ఒక్కడికి పడిశమైనా పట్టదు. రాసిందెవరో చూస్తే కొడుకో, అల్లుడో, పెళ్ళామో. ఇంటి పరువు కోసం ఇంటివాళ్ళే కొట్టిన సున్నం."

"పోన్లెండి మేడం. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారుగా."

"చెప్పుకోమనండి. దాన్ని చరిత్ర అని అట్ట మీద అచ్చు వెయ్యొద్దనండి."

సూదక్కకి ఆ మాటలు సగం అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. కానీ తన పనిని బల్ల పక్కన కూర్చుని అంత శ్రద్ధగా చూసే మనిషి మరొకరు లేరు. అందుకని మేడం వచ్చినప్పుడల్లా ఆ ఒక్క స్టూలూ తుడిచి పెట్టేది.

ఒక వానాకాలం పొద్దున మేడం రెండు లావుపాటి సంపుటాలు తెచ్చింది. ఒక్కోటీ నాలుగు వేళ్ళ మందం. వంతెనలు కట్టి పేరు తెచ్చుకున్న ఒక పెద్ద ఇంజనీరు జీవిత చరిత్ర అది. ఆయన పోయిన మూడేళ్ళకి కొడుకు రాశాడు. రెండో సంపుటం రాయిలా ఉంది. మొదటిదానికి అట్ట వేలాడుతోంది, కుట్టు నాలుగు చోట్ల తెగింది.

"దీన్నిండా నాన్నగారి భజనే," అంది మేడం. "అయినా చదవాలి తప్పదు. ఎప్పటికవుతుంది?"

"పదిరోజులివ్వండి. ఎముకలన్నీ విరిగాయి."

మర్నాడు సూదక్క మొదటి సంపుటం కుట్టు విప్పి, ఆకులు కలిపి మడిచి కుట్టిన కట్టల్ని, మడతలంటారు వాటిని, విడదీసి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో మడతకి ఎనిమిది ఆకులు. పద్నాలుగో మడతకి వచ్చేసరికి చేతికి ఏదో తేడా తగిలింది. ఆకులు ఎనిమిదీ ఉన్నాయి. కానీ వాటిలో ఒకటి కుట్టులోంచి పుట్టిన ఆకు కాదు. అసలు ఆకుని వేలెడు వెడల్పు వదిలి కత్తితో కోసేసి, మిగిలిన ఆ అంచుకి కొత్త ఆకు జిగురుతో అంటించారు. చిరిగిన ఆకుకి చేసే మరమ్మతు అలా ఉండదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కాగితం మిగతావాటికంటే ఒక పిసరు తెలుపు. అక్షరాలు కాస్త ఇరుకు. పుస్తకం అచ్చయ్యాక, అమ్మకానికి వెళ్ళకముందే ఎవరో ఈ పేజీ మార్చారు.

మేడంకి కబురు పంపితే రెండేసి మెట్లు దూకుతూ వచ్చింది. పేజీ చదివింది. ఒక పెద్ద నది మీద వంతెన కడుతుండగా రెండో స్తంభం కింద నేల కుంగడం, ఇంజనీరుగారు తమ సూక్ష్మదృష్టితో తామే పసిగట్టి పని ఆపించడం, ఆ విధంగా కూలీల ప్రాణాలు దక్కడం, ఇదీ అందులో ఉన్న కథ. అధ్యాయం ఆ పేజీతోనే అయిపోయింది. వెనక వైపు ఖాళీ.

"అయితే దీని కింద ఇంకో కథ ఉందన్నమాట," అంది మేడం. కళ్ళు మెరిశాయి. "అదెక్కడ దొరుకుతుంది సూదక్కా?"

"కోసిన కాగితం ఎప్పుడో చెత్తలో కలిసిపోయుంటుంది మేడం."

కలిసిపోలేదు. మూడు రోజుల తరవాత పుస్తకం వెన్ను శుభ్రం చేస్తుంటే, కుట్టు మీద గట్టి కోసం అంటించిన పాత కాగితప్పట్టీ తడికి మెల్లగా ఊడి వచ్చింది. ఆ రోజుల్లో బైండర్లు వెన్నుకి కొత్త కాగితం వాడేవారు కాదు, పనికిరాని అచ్చుకాగితం ఏది చేతికందితే అది కోసి అంటించేవారు. సూదక్క అలాంటివి వందలు చూసింది. సబ్బుల ప్రకటనలు, ఓడల వేళలు, పెళ్ళి పిలుపులు. ఈ పట్టీ మీద అక్షరాలు మాత్రం ఎక్కడో చూసినట్టనిపించాయి. మార్చిన పేజీని పక్కన పెట్టి వేలితో ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది. మొదటి రెండు పంక్తులూ అచ్చంగా ఒక్కటే. మూడో పంక్తి నుంచి దారులు వేరయ్యాయి.

కోసేసిన పేజీ అది. కాకపోతే నిలువుగా సగమే. ఎడమ సగం.

మేడం భూతద్దం అవసరం లేకుండానే చదివేసింది. ఆరేడు పంక్తుల్లో అసలు సంగతి ఉంది:

"పడవలు చేసే వడ్రంగి ఒకడు ఆ పొద్దున...
రెండో స్తంభం కింద మట్టి జారుతోందని...
నాన్నగారు అతని మాటను మొదట...
పని ఆపడానికి కంపెనీ పెద్దలు...
ఇరవై ఆరుగురు కూలీలు ఆ మధ్యాహ్నం...
ఆ లెక్క తప్పిన నేరం తమదేనని...
ఆ వడ్రంగి పేరు ఎత్తినప్పుడల్లా..."

మేడం పట్టీ కింద పెట్టి నెమ్మదిగా అంది. "ఇప్పుడు తెలిసింది. వడ్రంగి ముందే చెప్పాడు. ఈయన కొట్టిపారేశాడు. ఇరవై ఆరుగురు పోయారు. జీవితాంతం ఆ వడ్రంగి పేరెత్తితే మండిపడేవాడు. కొడుకు ముందు నిజం రాసి, తరవాత భయపడి మింగేశాడు."

"అలాగని ఇందులో లేదుగా మేడం."

"ఇంకెలా ఉంటుంది? మిగతా సగం ఊహించలేమా?"

సూదక్క ఎదురు చెప్పలేదు. చదువుకున్న మనిషి, నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్న మనిషి. కానీ ఆ సాయంత్రం బస్సులో కూర్చున్నా, ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నా ఆ పంక్తులే తిరిగాయి. అన్నీ మొదళ్ళే. ఒక్కదానికీ తోక లేదు.

ఇంటాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆవిడ పరధ్యానం చూసి అడిగాడు. "ఏమే, బియ్యం నాలుగోసారి కడుగుతున్నావు. అన్నం వండుతావా, ఉతికి ఇస్త్రీ చేస్తావా?"

ఆవిడ జరిగింది చెప్పింది. ఆయన విని, "మొన్న పక్కింటావిడ నీతో, 'మీ ఆయన నన్ను చూసి...' అని ఆగింది. నవ్వాడనబోయిందా, తిట్టాడనబోయిందా? తలుపు చప్పుడై లోపలికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ నువ్వు నాతో సరిగ్గా మాట్లాడటంలేదు," అన్నాడు.

"ఇంతకీ ఏం చేశారు?"

"దారికి అడ్డం తప్పుకున్నాను. అంతే."

ఆవిడకి నవ్వొచ్చింది గానీ గుండెలో ముల్లు అలాగే ఉంది. మాటకి ప్రాణమంతా చివర్లోనే ఉంటుంది. విన్నాడో, వినలేదో, ఒప్పుకున్నాడో, కాదన్నాడో, అదంతా కుడి సగంలో ఉండిపోయింది. నోరు తెరిచి చెప్పుకోలేని మనిషి మీద సగం కాగితంతో నింద వేస్తే ఎలా?

ఈలోగా మేడం ఆ అధ్యాయం రాసేసింది. నెల తిరగకుండా జరగబోయే పెద్ద సభలో దాన్ని చదవడానికి ఒప్పుకుంది కూడా. "సున్నం కింద నెత్తురు" అని పేరు పెట్టానని సంతోషంగా చెప్పి వెళ్ళింది.

ఆ ఆదివారం సూదక్క అక్క ఇంటికి వెళ్ళింది. బావకి ఎనభై నిండాయి. చూపు మందగించింది, చేతులు వణుకుతున్నాయి. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, పట్టీ ఆయన చేతికివ్వకుండా, దాని కొలతకి కోసిన తెల్లకాగితం ఇచ్చింది. ఆయన వేళ్ళతో తడిమి చూశాడు.

"ఎంత వెడల్పు వెన్ను?"

"నాలుగు వేళ్ళు."

"పేజీ ఎనిమిది వేళ్ళుంటుంది. అయితే ఆ కాలపు బైండరు మధ్యకి కోశాడు." కాసేపు ఆలోచించి అడిగాడు. "రెండు సంపుటాలన్నావుగా? రెండోదీ ఇంతే లావా?"

"ఇంతే."

"మరేం? ఒక ఆకు తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి దీనికి, ఒకటి దానికి అంటించి ఉంటాడు. ఒకరోజు పని. నేనైనా అదే చేసేవాణ్ణి."

సూదక్క లేవబోయి మళ్ళీ కూర్చుంది. "రెండో సంపుటం రాయిలా ఉంది బావా. కుట్టు చెక్కు చెదరలేదు. విప్పకూడదుగా."

"విప్పకూడదు," అన్నాడాయన. తను నేర్పిన నియమం ఆవిడకింకా గుర్తున్నందుకు కాబోలు, ముఖం మీద చిన్న వెలుగు. "విప్పమని ఎవరన్నారు? పుస్తకం బాగా తెరిస్తే అట్ట వెన్నుకీ, కుట్టు వెన్నుకీ మధ్య బొరియలా ఖాళీ వస్తుందా, రాదా?"

"వస్తుంది."

"పలచటి వెదురు పుల్లకి మైదా ముద్ద రాసి అందులోకి పంపు. నీళ్ళు పోస్తే కాగితం చస్తుంది. ముద్దయితే తడిని చంటిపిల్లకి పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా పడుతుంది. పాత జిగురు మెత్తబడ్డాక గోటితో తీసెయ్. రోజుకి రెండు వేళ్ళ మేర, అంతే. అంతకంటే ఆశపడ్డావో, చిరుగుతుంది."

అక్క కాఫీ తెచ్చి ఇద్దరి ముఖాలూ చూసి, "ముప్పై ఏళ్ళుగా మీ ఇద్దరూ మాట్లాడుకునేది జిగురు గురించే. నేను ఏ జన్మలో ఏ పుస్తకం చింపానో," అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. వచ్చేసేముందు సూదక్క బావ చేతులు ఒక్క క్షణం పట్టుకుంది. ఎప్పుడూ అలా చెయ్యలేదు.

ఇక పెద్ద లైబ్రేరియన్ ఒప్పుకోవాలి. ఆయన కాగితం మీద లేని పని కలలో కూడా చెయ్యని మనిషి. "బాగున్న పుస్తకం జోలికి వెళ్తే నేను సంతకం పెట్టనమ్మా," అన్నాడు వినకుండానే.

"ఒక్క దారం తెగినా నా రిటైర్మెంటు మీరు ఇవాళే రాసెయ్యండి సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి ఆవిడ వైపు చూశాడు. ముప్పై మూడేళ్ళలో ఆవిడ ఆయన గదికి వచ్చి ఏదైనా అడగడం అదే మొదలు. "ఎందుకింత పట్టుదల? ఆ మేడంగారేమైనా చెప్పమన్నారా?"

"ఆవిడకి తెలియదు సార్. ఆ పుస్తకం రాసిన కొడుకు అబద్ధాలకోరని నలుగురిలో చెప్పబోతున్నారు. నిజమే కావచ్చు. కానీ మిగతా సగం మన బీరువాలోనే ఉందేమో. ఉండీ చూడకపోతే తప్పు మనదవుతుంది."

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. "భోజనాల వేళలో చేసుకోండి. రోజూ సాయంత్రం నాకు చూపించాలి," అని సంతకం పెట్టాడు.

పని తొమ్మిది రోజులు పట్టింది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకునే వేళకి సూదక్క తలుపు దగ్గరికి వేసి, పుస్తకాన్ని మెత్తటి గుడ్డ మీద బోర్లా తెరిచి పెట్టేది. వెదురు పుల్ల లోపలికి పంపి ఎదురుచూసేది. కిటికీలో పాదాలు వస్తూ పోతూ ఉండేవి. మొదటి రోజు తెల్ల అంచు ఊడింది. అక్షరాలేమీ లేవు, అచ్చుకాగితం కాదేమోనని భయపడింది. రెండో రోజు మూలన పేజీ అంకె కనిపించింది. మార్చిన పేజీ మీది అంకే. ఆ రోజు ఆవిడ తెచ్చుకున్న అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తిరిగి వెళ్ళింది. ఇంటాయన మూత తీసి చూసి, "దొరికిందన్నమాట," అన్నాడు.

అయిదో రోజు తొందరపడింది. మూడో వేలు మేర లాగబోతే కాగితం చివర గోరంత చిరిగింది. ఒక అక్షరం పోయింది. బావ చెప్పిన మాట దాటినందుకు చెంపలేసుకుని, మిగతా రోజులు కొలబద్ద పక్కనే పెట్టుకుంది. తొమ్మిదో రోజు పట్టీ మొత్తం చేతిలోకి వచ్చింది. దాని స్థానంలో కొత్త కాగితం జార్చి అతికించి, పుస్తకం మూసింది. కుట్టు కుట్టులాగే ఉంది.

రెండు పట్టీలూ బల్ల మీద అంచుకి అంచు చేర్చింది. పైనుంచి కిందికి వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. అప్పుడు మేడంకి కబురు చేసింది.

సభ ఇంకా అయిదు రోజులుంది. మేడం చేతిలో చదవబోయే కాగితాలతోనే వచ్చింది. సూదక్క స్టూలు తుడిచి బల్ల దగ్గరికి జరిపింది. మేడం పైకి చదవడం మొదలుపెట్టింది.

"పడవలు చేసే వడ్రంగి ఒకడు ఆ పొద్దున నాన్నగారి గుడారానికి వచ్చాడు. రెండో స్తంభం కింద మట్టి జారుతోందని, నీటి రంగు చూసి చెప్పాడు. నాన్నగారు అతని మాటను మొదట నమ్మకపోయినా, వెంటనే అతనితో పడవ ఎక్కారు. పని ఆపడానికి కంపెనీ పెద్దలు ఒప్పుకోలేదు; వారిని కాదని ఆపించారు. ఇరవై ఆరుగురు కూలీలు ఆ మధ్యాహ్నం గట్టు మీద నిలబడి స్తంభం ఒరగడం చూశారు. ఆ లెక్క తప్పిన నేరం తమదేనని నాన్నగారు అందరి ఎదుటా అన్నారు. ఆ వడ్రంగి పేరు ఎత్తినప్పుడల్లా కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు."

చివరి పంక్తిని మేడం రెండుసార్లు చదివింది. తను తెచ్చిన కాగితాలు బల్ల మీద పెట్టేసింది. వీధిలో ఎవరివో పాదాలు వెళ్ళాయి.

"సూదక్కా," అంది. "అయిదు రోజులాగితే నేనొక మంచివాణ్ణి మూడొందల మంది ముందు చంపేసి ఉండేదాన్ని."

"మీరేం చేస్తారు మేడం. మీకు సగమే కనపడింది."

"సగమే కనపడిందని మీకు తెలిసింది. నాకు తెలియలేదు. చదువుకున్నదాన్ని నేను." కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పాత గొంతుతో అడిగింది. "మరి కొడుకు ఎందుకు మార్చాడంటారు?"

"అది మీ పనండీ. నాది ఇక్కడితో సరి."

మేడం ఆ పని ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. మొదటి సంపుటం ముందుమాట మళ్ళీ చదివితే, పుస్తకాన్ని అచ్చు వేయించిన వంతెన కంపెనీ పెద్దలకి, రాతప్రతి చదివి "విలువైన సవరణలు" చెప్పినందుకు కొడుకు చెప్పిన ధన్యవాదాలు కనిపించాయి. అంతకుముందు మూడుసార్లు చదివి దాటేసిన వాక్యమది. పని ఆపవద్దన్నది ఆ పెద్దలే కాబట్టి పేజీ తీయించిందీ వాళ్ళే అయి ఉండవచ్చు. అయి ఉండవచ్చు అనే రాసింది. మిగతా సగం దొరికేదాకా అంతకుమించి ఒక్క మాట ఎక్కువ రాయనని సూదక్కతో అంది. అధ్యాయం పేరు కొట్టేసింది. అయిదు రోజుల్లో మొత్తం తిరగరాసి సభలో చదివింది. తను మొదట ఏమని రాసిందో, ఎందుకు పొరబడిందో కూడా దాచకుండా చెప్పింది. వెనక వరసలో ఇంటాయన పక్కన కూర్చుని సూదక్క అంతా విన్నది. వడ్రంగి సంగతి వచ్చినప్పుడు హాలంతా ముందుకి వంగి వినడం చూసి, ఆ ముక్కలు అంటించిన పాతకాలపు బైండరు ఎవరో గానీ, అతని చేతులు చల్లగుండాలనుకుంది. పేజీ చింపి పారేయమని అతనికి చెప్పే ఉంటారు. మంచి కాగితం వృథా చెయ్యడం ఇష్టంలేక దాచాడో, చదివి మనసొప్పక దాచాడో. ఏదైనా అతని వల్లే నిలిచింది.

ఆ తరవాత భూతద్దం మేడం పుస్తకం అచ్చయింది. అందులో కొందరు పెద్దమనుషులకి సున్నం రాలిపోయింది, రాలవలసినదే. కానీ ప్రతి అధ్యాయం చివరా తనకి దొరకని కాగితాలేవో ఒక జాబితా ఇచ్చింది. ధన్యవాదాల పేజీలో సూదక్కనీ, ఆవిడ బావనీ కలిపి రాసింది. ఆ పేజీ సూదక్క అక్క ఇంటికి తీసుకెళ్ళి పైకి చదివింది. బావ విని, "మళ్ళీ చదువు," అన్నాడు. మళ్ళీ చదివింది. "అట్ట ఎవరు వేశారు? కోణాలు సరిగ్గా లేవు," అన్నాడు పుస్తకం తడిమి. అక్క మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆయన అలా మాట తప్పించేది ఎప్పుడో ఆవిడకి తెలుసు.

ఇంజనీరు జీవిత చరిత్ర మళ్ళీ బీరువాలోకి వెళ్ళేముందు, పట్టీలు రెండూ ఏం చెయ్యాలని పెద్ద లైబ్రేరియన్ అడిగాడు. విడిగా కవరులో పెడదామన్నాడు. సూదక్క వద్దంది. విడిగా పెట్టింది ఏదో ఒకరోజు విడిగానే పోతుంది. రెండింటినీ పలచటి కాగితం మీద అతికి, అంచులు సరిచేసి, మార్చిన పేజీకి ఎదురుగా మొదటి సంపుటంలోనే కుట్టింది. మార్చిన పేజీని తియ్యలేదు. ఎవరు తెరిచినా రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. చిరిగిన అక్షరం చోటు ఖాళీగానే వదిలేసింది.

బిగింపు మరలో పుస్తకం పెట్టి, మర తిప్పి, చేతులు కడుక్కుంది. అప్పటికి మేడం మరో చిరిగిన సంపుటంతో మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. సూదక్క స్టూలు తుడిచింది.